జోడు

దేవరకొండ బస్టాండు గోడకు
నా దుకాణం: ఒక గోనెపట్ట, ఒక గొడుగు,
రెండు కొయ్యమేకులు.
మేకులకు బెల్టులు మునక్కాయల లెక్క ఏలాడ్తయి.
నల్గొండ బస్సు మలిగినప్పుడల్లా
దుమ్ము వాటి మీద కూసుంటది.
నేను తుడుస్త, అది కూసుంటది,
మా ఇద్దరికి వేరే పనేముంది.

పొద్దున కారు దిగి ఒక పిలగాడొచ్చిండు.
పర్సు ముక్కుకు ఆనించుకొని
కండ్లు మూసుకొని పీల్చిండు.
"అసలు లెదరే అన్నా, వాసనే వేరు."
ఆరువందలంటె బేరం లేకుండ ఇచ్చిండు.
నేనేం మాట్లాడలే.
గదే వాసనకు
మా ఈదయ్య మామకు హోటలోళ్లు
చాయ బయట పోసేటోళ్లు,
గ్లాసు ఆయన్నే కడుక్కోమనేటోళ్లు.
లందల తంగేడుచెక్క నానవెట్టి
మోకాళ్ల దాక దిగిన మనిషి.
పెండ్లినాడు పసుపు రుద్దినా
కాళ్ల రంగు మారలేదట.
ఇప్పుడు లంద లేదు,
పూడ్చి దాని మీద సెల్‌టవరు నిలబెట్టిన్రు.
నేను తోలు పట్నంల కొంట, అడుగుల లెక్క.

ఇంకొకాయన లైటరు తీసిండు,
"కాల్చి చూడొచ్చా?"
"కాల్చు సారూ,
కాలినా కాలకున్నా ఇగ అది నీదే."
లైటరు జేబుల వెట్టుకొని
పక్క దుకాణంల నూటయాబైకి
రెక్సిను బెల్టు కొనుక్కున్నడు.
నెలకు అది ఉల్లిగడ్డ లెక్క పొట్టు రాలుస్తది.
చెప్దామనుకున్న, ఆయన బస్సొచ్చింది.

మాపటికి కుట్టుమిషను షమీమక్క.
చిన్నప్పటి పోలియో,
ఎడమకాలు కుడికాలికి చెల్లె లెక్క ఉంటది.
ఇన్నేండ్లు రెండు జోళ్లు కొనేది,
ఏడు నంబరుదొకటి, నాలుగుదొకటి.
మిగిలినయి గూట్ల ఉన్నయట,
ఒకదానికొకటి ఏమీ కాని రెండు చెప్పులు.

పాత పేపరు పరిచిన.
కుడికాలు వెట్టింది.
ఎడమది చానసేపు వెట్టలే.
బస్టాండుల మందున్నరు.
గొడుగు అటు వంచిన.
అప్పుడు వెట్టింది.
పెన్సిలు చుట్టు తిప్పుతుంటె
చక్కిలిగిలని నవ్వింది.

"ఒక కాలు చిన్నదే గదనయ్యా,
తోలు తక్కువ పడ్తది, వంద తగ్గియ్యి."
"చిన్న కాలికే పనెక్కువక్కా,
మడమ కింద మూడు పొరలు ఎత్తాలె."
"అయితె యాబై."
"ముప్పై."
సోడాబండి కొమురెల్లి
"నలబై జేయుండ్రి, నాకు నిద్రొస్తుంది" అన్నడు.

ఆరు రాత్రులు వట్టింది.
మామ రంపెతోని కోసిన, ఆరెతోని పొడిచిన.
మైనం దారానికి రెండు సూదులు,
ఎదురెదురు వచ్చి ఒకే బొక్కల దాటాలె,
ఇరుకు బాటల ఇద్దరు పాలోళ్ల లెక్క,
మాట్లాడకుండ, ఒరుసుకోకుండ.
ఎడమ చెప్పు మూడుసార్లు ఇప్పిన.
అంచు సీసాతోని రుద్దిన,
మెరిసేదాక కాదు,
వేలికి గుచ్చుకోనిదాక.

అక్క వచ్చి ముందుగాల తొడుక్కోలే.
తిప్పి, గోరుతోని కుట్లు లెక్కవెట్టింది.
"ఇక్కడొకటి వంకర."
నిజమే. ఆ రాత్రి కరెంటు పోయింది.
ఆరువందల పిలగాడు
వాసన చూసిండు గని కుట్టు చూడలే.

సోడాబండి దాక నడిచింది, మల్ల ఇటు.
మునుపు టప్పు, జర్రు అని ఉండె చప్పుడు.
ఇప్పుడు టప్పు, టప్పు.
ఎట్లున్నయని అడగలే.
మామ అడగనిచ్చెటోడు కాదు.
"చెప్పు చెప్తది, నువ్వు ఊకో" అనేటోడు.

పైసలు లెక్కవెట్టి ఇచ్చి,
సంచిల నుంచి ఆ గూట్ల రెండు తీసింది,
కుడిది నాలుగు, ఎడమది ఏడు.
"వీటిని గూడ అమ్మిపెట్టు."
"ఎవరు కొంటరక్కా?"
"నాకు తిరుగబోయిన కాళ్లోళ్లు
ఈ జిల్లాల ఒక్కరన్న ఉండరా?"

మేకుకు వేలాడదీసిన రెండిటిని,
ఒకే తాడుకు.
రేటు రాయలే.
నల్గొండ బస్సు మలిగింది.
ముందుగాల వాటినే తుడిచిన.